అప్‌డేట్: ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) బెండింగ్‌లో యాంగిల్ తేడా సంగతి

జీడిమెట్లలో ప్రెస్ బ్రేక్ (రేకును పై పంచ్, కింది డై మధ్య నొక్కి వంచే మెషిన్) నడుపుతా, 2 ఎంఎం ఎస్‌ఎస్ 304 షీట్ 90 డిగ్రీలకి కొడితే 92, 93కి తెరుచుకుంటోంది, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) మాత్రం బాగానే వస్తోందని అడిగిన కదా, తేలింది అన్నా. మెషిన్‌ది ఏం లేదు, స్ప్రింగ్ బ్యాకే (వంచి వదిలినంక రేకు కొంచెం వెనక్కి తెరుచుకునుడు), ఎస్‌ఎస్‌కి ఎక్కువుంటది. మీరన్నట్టు 16 వీ డై (16 ఎంఎం నోరున్న వీ ఆకారం డై) అట్లనే ఉంచి పంచ్ ఇంకొంచెం దింపి 88, 87 దాకా కొట్టి వదిలితే 90కొచ్చి ఆగుతోంది (డై 85 డిగ్రీలది కాబట్టి నడిచింది, 90దైతే అంత లోపలికి పోదు).

అయినా కొన్ని పీసులు తేడా కొట్టినయ్, చూస్తే లేజర్ కటింగాయన షీట్ మిగలాలని సగం పీసులు అడ్డంగా తిప్పి పెడుతున్నడు, గ్రెయిన్ (రేకు రోలింగ్ అయిన దిశ) మారితే యాంగిల్ కూడా మారుతది కదా. అన్నీ ఒకే డైరెక్షన్‌లో కోయమన్న. స్క్రాప్ పెరుగుతదని ఓనర్ గొణుగుడు, రీవర్క్ ఖర్చు మాత్రం ఆయనకు కనబడదు!