స్టాక్ లేని ఏఆర్ పిస్టల్ ఇంటి రక్షణకి పనికొస్తుందా?

టెక్సాస్‌లో ఇంట్లో ఉంచుకోవడానికి 10.5 అంగుళాల బ్యారెల్‌తో 5.56 ఎంఎం ఏఆర్ పిస్టల్ (ఏఆర్-15 రైఫిల్‌కి పొట్టి రూపం, భుజానికి ఆనించే స్టాక్ ఉండదు) కొనాలని ఆలోచన. బ్రేస్ (ముంజేతికి ఆనించే ఆధారం) కూడా లేకుండా, ఉత్త బఫర్ ట్యూబ్‌తోనే (వెనకుండే స్ప్రింగ్ గొట్టం). వాడినవాళ్లు కాస్త చెప్పండి.

20 అంగుళాల బ్యారెల్‌లో 55 గ్రెయిన్ల తూటా సెకనుకి 3,200 అడుగులు దాటుతుంది. 10.5లో దాదాపు 2,700కి పడిపోతుంది. 7.5 అయితే మరీ దండగ, కాలని తుపాకి మందు బయటికొచ్చి మంటగా, మోతగా పోతుంది. పడగ్గదిలో ఆ మోతకి చెవులు నిలుస్తాయా? .300 బ్లాకవుట్ అనే మరో రకం తూటాలో మందు 9 అంగుళాల్లోనే చాలావరకు కాలిపోతుంది, కానీ తూటాల ఖరీదు ఎక్కువ. పైగా రెండింటికీ మ్యాగజైన్ ఒకటే. పొరపాటున .300 తూటా 5.56 చాంబర్‌లో పేలితే తుపాకీ బద్దలే. రెండూ ఇంట్లో ఉన్నవాళ్లు మ్యాగజైన్లకి ఏం గుర్తు పెడుతున్నారు?

అసలు చిక్కు పట్టుకోవడంలో. బరువంతా ముందుకి లాగుతుంది. స్లింగ్‌ని మెడకి బిగించి ముందుకి తోస్తూ, ట్యూబ్‌ని చెంపకి ఆనించి రెడ్ డాట్‌తో (ఎర్ర చుక్కతో గురి చూపే సాధనం) కాలిస్తే 25 గజాల్లో రెండో గుండు ఎక్కడ పడుతోంది? నిలువు ఫోర్‌గ్రిప్ (ముందు చేతికి పిడి) పెడితే చట్టం లెక్కలో పిస్టల్ వర్గం మారే చిక్కుంది కాబట్టి హ్యాండ్ స్టాప్ (చెయ్యి ముందుకి జారకుండా ఆపే చిన్న దిమ్మ) సరిపోతుందా?

లేక ఫారం 1 (ఫెడరల్ అనుమతికి దరఖాస్తు) పెట్టి, అనుమతి వచ్చాకే స్టాక్ తగిలించి ఎస్‌బీఆర్ (పొట్టి బ్యారెల్ రైఫిల్) చేసుకోవడం మేలా? 2026 జనవరి నుంచి 200 డాలర్ల పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. రాష్ట్రం దాటించాలంటే మళ్లీ ముందస్తు అనుమతి. పిస్టల్‌కి ఆ బెడద లేదనే ఈ తర్జనభర్జన.