కేబీఆర్ చుట్టూ ఏడు ఫ్లైఓవర్లు: మీరు ఎటు?

ఫిల్మ్‌నగర్ వాసి:
హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఆరు జంక్షన్లలో ఏడు ఉక్కు ఫ్లైఓవర్లు, ఆరు అండర్‌పాస్‌లు కట్టడానికి 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అప్పట్లో చెప్పిన ఖర్చు 826 కోట్లు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 45, ఫిల్మ్‌నగర్, అగ్రసేన్ విగ్రహం, క్యాన్సర్ ఆసుపత్రి, పార్కు మెయిన్ గేటు. ఇవీ ఆ ఆరు జంక్షన్లు.

మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. నాన్నగారు రోజూ పొద్దున బయటి ట్రాక్ మీద నడుస్తారు. చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోనంటారు. మా ఆవిడ సాయంత్రం మాదాపూర్ నుంచి వచ్చి బ్యాగు సోఫాలో పడేస్తూ, ముందు ఫ్లైఓవర్ వెయ్యమనండి, చెట్ల సంగతి తర్వాత చూద్దాం అంటుంది. నా మొగ్గు కొంచెం నాన్నగారి వైపే, కానీ ఆ మాట ఇంట్లో పైకి అనలేదు. రాజకీయ పార్టీల గొడవ తీసుకురాకుండా, మీరు రోజూ కళ్లతో చూసేది రాయండి.

క్యాబ్ అన్న:
అన్నా, నేను పదకొండేళ్ల నుంచి క్యాబ్ నడుపుతున్నా. చెక్‌పోస్ట్ దగ్గర మూడుసార్లు పచ్చ లైటు పడినా దాటని రోజులున్నాయి. ఏసీ ఆపితే కస్టమర్ ఒక్క స్టార్ ఇస్తాడు, ఆపకపోతే గ్యాస్ ఖర్చు నాది. పార్కు లోపల చెట్లు ముట్టుకోబోమంటున్నారు కదా, పోయేవి రోడ్డు పక్కవే. ఊరు ఇంత పెరిగింది, రోడ్డు మాత్రం పెరగొద్దంటే ఎట్లా? మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్.

రిటైర్డ్ ఇంజినీర్:
ఇది కొత్త కథ కాదు బాబూ. 2016లో ఎస్‌ఆర్‌డీపీ అనే నగర రోడ్ల పథకం కింద ఇవే జంక్షన్లకు మల్టీ లెవెల్ ఫ్లైఓవర్లు అన్నారు. మూడు వేలకు పైగా చెట్లు పోతాయని లెక్క తేలింది. జనం చెట్ల చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. ఆ తర్వాత అసలు సంగతి ఇంకోచోట తేలింది. ఇది 1998 నుంచి నేషనల్ పార్కు కాబట్టి చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్, అంటే పార్కుకు రక్షణగా వదిలే పట్టీ, ఉండాలి. 2020లో కేంద్రం ఖరారు చేసిన ఆ జోన్ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, మహా అయితే 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే మా ఇంటి వరండా అంత.

రోడ్డు పక్క చెట్లే కదా అంటున్న తమ్ముడు మే నెలలో పొద్దున ఎనిమిదిన్నరకు నాతో రావాలి. కానుగ చెట్ల కింద బాగానే నడుస్తాం. చెట్టు లేని చోటు ఓ వంద అడుగులు వచ్చిందంటే వేడి చెప్పుల్లోంచి పైకి తెలుస్తుంది.

ఇక ట్రాఫిక్ మాట. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, దాంతోపాటే రోడ్ నంబర్ 45 ఎలివేటెడ్ కారిడార్ తెరిచారు. మాదాపూర్‌లో ఆగాల్సిన కార్లు ఆగకుండా వచ్చి రోడ్ నంబర్ 45 చివర గుంపుగా దిగుతున్నాయి. జామ్ పోలేదు, మన వైపు జరిగింది. ఇప్పుడు దాన్ని పంజాగుట్ట వైపు జరపడానికి ఇన్ని కోట్లు.

క్యాబ్ అన్న:
సార్, మీరు పెద్దవారు, ఎదురు మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఆ బ్రిడ్జి పుణ్యమాని నాకు రోజుకో ట్రిప్పు ఎక్కువ పడుతోంది. జామ్ జరిగితే జరగనీయండి, మధ్యలో మిగిలిన పది నిమిషాలు నాకు డబ్బులే కదా.

రిటైర్డ్ ఇంజినీర్:
ఒప్పుకుంటున్నా. ఆ పది నిమిషాలు మీకు ఎన్నేళ్లు మిగులుతాయన్నదే నా ప్రశ్న. రోడ్డు ఖాళీగా ఉందని తెలియగానే నిన్నటిదాకా మెట్రో ఎక్కినవాడు కూడా కారు తీస్తాడు.

కృష్ణానగర్ 2 బీహెచ్‌కే:
మాకు కారు లేదు, మార్నింగ్ వాక్ తీరికా లేదు. కానీ ఈ గొడవలో మేమూ ఉన్నాం. గంటసేపు గట్టి వాన పడితే జూబ్లీహిల్స్ పైనుంచి నీళ్లు మా గల్లీలోకే వస్తాయి. బైకులు కొట్టుకుపోయే వీడియోలు మీరంతా నవ్వుకుంటూ షేర్ చేసే ఉంటారు. అందులో ఒక బైకు మా కింది పోర్షన్ కుర్రాడిది, ఇంకా ఈఎంఐ కడుతున్నాడు. పైన మట్టి ఉన్నంత మేర కొంత నీరైనా ఇంకుతుంది. అక్కడ కూడా కాంక్రీటు పోసి, అండర్‌పాస్‌లో నిండిన నీళ్లను మోటార్లు పెట్టి ఎటు తోడతారు? పల్లం వైపే కదా. ఆ పల్లంలో ఉన్నది మేమే.

స్టాఫ్ నర్స్:
ఇంతసేపూ బండ్ల గురించి, చెట్ల గురించి, నీళ్ల గురించి అయింది. నడిచేవాళ్ల గురించి కూడా ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నా.

నేను క్యాన్సర్ ఆసుపత్రి జంక్షన్‌లో రోజూ రోడ్డు దాటుతాను. నాతోపాటు దాటేవాళ్లు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చినవాళ్లు. చేతిలో స్కాన్ కవరు, ఇంకో చేతిలో టిఫిన్ బాక్సు. మొన్న ఒక పెద్దాయన యూరిన్ బ్యాగును లుంగీ మడతలో దాచుకుని డివైడర్ మీద నిలబడిపోయాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, కాలు కిందికి పెట్టి మళ్లీ తీసుకుంటాడు. చివరికి ఒక ఆటో అతను బండి అడ్డం పెట్టి, కిందికి దిగి, చెయ్యి పట్టుకుని దాటించాడు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

సిగ్నల్ ఫ్రీ అని సంబరంగా చెబుతున్నారు. అంటే బండి ఎక్కడా ఆగదు. మరి మేం ఎప్పుడు దాటాలి? ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటారు. లిఫ్టు పాడైన ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఈ ఊళ్లో నేను చూసినవే రెండున్నాయి. కీమో అయినవాళ్లు నలభై మెట్లు ఎక్కలేరు అన్నా.

క్యాబ్ అన్న:
అక్కా, మీరు చెప్పింది నిజం. అది నేను ఆలోచించలేదు.

ఫిల్మ్‌నగర్ వాసి:
నాదో సందేహం. పార్కు చుట్టూ ఎలాగూ రోడ్డు రింగులా ఉంది కదా. మొత్తం రింగును వన్ వే చేసేస్తే? పార్కునే పెద్ద రౌండబౌట్ అనుకుని అందరూ గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లాలి. కుడి మలుపులు చాలావరకు పోతాయి, సిగ్నల్ దగ్గర వంతులు తగ్గుతాయి. మిగిలిన ఒక లేన్ బస్సులకు, కొంత మేర ఫుట్‌పాత్‌కు ఇవ్వొచ్చు. రోడ్డు దాటేవాళ్లు బటన్ నొక్కితే బండ్లను ఆపే సిగ్నల్ జంక్షన్‌కొకటి పెట్టొచ్చు.

క్యాబ్ అన్న:
వెనక ఉన్న చోటుకి వెళ్లాలంటే పార్కు మొత్తం చుట్టి రావాలి. కస్టమర్ మీటరు చూసి నన్నే తిడతాడు, కావాలని తిప్పానంటాడు.

రిటైర్డ్ ఇంజినీర్:
అది ఆ పద్ధతిలో ఉన్న నిజమైన లోపమే. ఆంబులెన్సులకు ఎదురు లేన్ ఒకటి వదలాలి, లేకపోతే నర్సమ్మగారి ఆసుపత్రికే ఇబ్బంది. కానీ వన్ వేకు కావాల్సింది రంగు, కోన్లు, పోలీసులు. ఆరు నెలలు చూసి నచ్చకపోతే రాత్రికి రాత్రి తీసేయొచ్చు. పైగా ఇంజినీరుగా ఇంకో మాట చెప్పాలి. చెక్‌పోస్ట్ దగ్గర మెట్రో లైను ఇప్పటికే తల మీద ఉంది. దాన్ని తప్పించుకుంటూ ఇంకో ఫ్లైఓవర్ దూర్చడమంటే ర్యాంపులు పొడుగవుతాయి, వాటి కోసం రోడ్డు వెడల్పు చెయ్యాలి, దాని కోసం గోడలు, చెట్లు పోవాలి.

మాదాపూర్ నైట్ షిఫ్ట్:
లేటుగా వచ్చాను, సారీ. ఇంజినీర్ గారూ, ప్రతిదానికీ స్టే తెచ్చుకుంటే ఏమవుతుందో బెంగళూరు చూసి చెప్పండి. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ్ దాకా ఉక్కు ఫ్లైఓవర్ అన్నారు, 1,791 కోట్లు, 812 చెట్లు. జనం గొడవ చేస్తే 2017లో వదిలేశారు. అంతమాత్రాన హెబ్బాళ్ ఖాళీ అయిందా? ఇప్పుడు సొరంగం తవ్వుతామంటున్నారు, దానికీ గొడవే.

రిటైర్డ్ ఇంజినీర్:
మంచి పాయింటే. ఫ్లైఓవర్ వదిలేసి దాని బదులు ఏమీ చెయ్యకపోతే అలాగే ఉంటుంది. ఏమీ చెయ్యొద్దని నేనూ అనడం లేదు.

2024 అక్టోబరులో మన మంత్రులు మూసీ నది బాగుచేత కోసమని కొరియాలోని సియోల్ వెళ్లి చియాంగ్‌గేచాన్ వాగు చూసొచ్చారు. ఆ వాగు మీద ఒకప్పుడు పైనుంచి పోయే పెద్ద రోడ్డు ఉండేది. 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005లో వాగు తెరిచారు. మధ్యలో, 2004లో, ఊరి బస్సుల పద్ధతంతా మార్చి రోడ్డు నడిమధ్యన బస్ లేన్లు వేశారు. అంత దూరం వెళ్లి వాగు చూసొచ్చిన ప్రభుత్వమే, ఇంటికొచ్చాక రెండు నెలలు తిరక్కముందే ఫ్లైఓవర్లకు కొబ్బరికాయ కొట్టింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్:
సియోల్‌లో మెట్రో ఎన్ని లైన్లుందో, మనకెన్ని ఉన్నాయో కూడా చూడాలి సార్. చెక్‌పోస్ట్‌లో మెట్రో 2019 నుంచి ఉంది, ఒప్పుకుంటా. కానీ స్టేషన్ దిగి పార్కు గేటు దాకా నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద కరెంటు డబ్బా, దాని పక్కన ఎవరిదో బుల్లెట్, ఆ తర్వాత ఫుట్‌పాత్ మాయం. నేను అందుకే బైకు తీస్తాను.

స్టాఫ్ నర్స్:
అది బాగుచెయ్యడానికి 826 కోట్లు కావాలా తమ్ముడూ?

ఫిల్మ్‌నగర్ వాసి:
నేనొకటి అనుకుంటున్నాను. మనం అందరం కార్లు ఎక్కువ, బస్సులు తక్కువ అని గాల్లో మాట్లాడుతున్నాం. ఈ శనివారం కాకుండా, పనిదినం చూసి బుధవారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి లెక్కపెడదాం. ఒక్కరే కూర్చున్న కార్లు ఎన్ని, బస్సులు ఎన్ని, బస్సులో మనుషులు ఎంతమంది, రోడ్డు దాటేవాళ్లు ఎంతసేపు ఆగుతున్నారు. వచ్చేవాళ్లు చెప్పండి. మా ఆవిడ వస్తానంది, నన్ను ఓడించడానికి.

స్టాఫ్ నర్స్:
ఆ రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ. వస్తాను. దాటేవాళ్ల లెక్క నాకివ్వండి.

కృష్ణానగర్ 2 బీహెచ్‌కే:
నేనూ వస్తా. వాన పడితే మాత్రం మీరే మా గల్లీకి రావాలి.

క్యాబ్ అన్న:
ఆ టైముకు నేను ఎలాగూ ఆ సిగ్నల్‌లోనే ఇరుక్కుని ఉంటా అన్నా. తెల్ల డిజైర్, చెయ్యి ఊపుతాను, నన్ను కూడా లెక్కలో వేసుకోండి.