నాన్నకు బైపాస్: కాలి నరమా, చేతి నరమా?

కవిటి కుర్రోడు:
నాన్నకు 62 ఏళ్లు, కొబ్బరితోట చూసుకుంటారు. విశాఖలో కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేస్తే మూడు బ్లాకులు తేలాయి. గుండె ముందువైపు పెద్ద రక్తనాళం ఎల్‌ఏడీ 90 శాతం, పక్కది 80, కుడివైపుది 75. షుగర్ ఉంది, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 9 దాటింది. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.9, ఎక్కువే. బ్లాకులు దాటి రక్తం వెళ్లేలా వేసేవాటిలో ఒకటి ఛాతీ నరం, మిగతావి కాలి నరాలు అన్నారు సర్జన్ గారు. హైదరాబాద్‌లో ఉన్న మా బావేమో, కాలి నరాలు పదేళ్లకే పోతాయి, అన్నీ ఆర్టరీలే, అంటే ఛాతీవి, చేతివే వేయమని పట్టుబట్టు అని రోజూ ఫోన్. ఆరోగ్యశ్రీ కేసు కదా అని తేల్చేస్తున్నారేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.

బొబ్బిలి సిస్టర్:
బాబూ, గుండె ఆపరేషన్ థియేటర్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ బావ చెప్పింది సగం నిజం. ఛాతీ నరం, అంటే లిమా, ఎల్‌ఏడీకి వేస్తే పదేళ్లకు నూటికి తొంభై పైనే బాగా పనిచేస్తాయి. 1986లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు అది వేసినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని చూపించారు. అది మీ నాన్నకు వేస్తున్నారు, అసలు ముఖ్యమైనది అదే. కాలి నరాల్లో పదేళ్లకు సుమారు సగం మూసుకుపోవడమో పాడవడమో జరుగుతుంది, అదీ నిజమే.

మరి చేతి నరం ఎందుకు వద్దు? కుడి చేతి రేడియల్, అంటే మణికట్టు దగ్గర నాడి చూసే ఆర్టరీ, దాని నుంచి యాంజియోగ్రామ్ అయిపోయింది. లోపలి పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి దాన్ని మామూలుగా తియ్యరు. మిగిలింది ఎడమ చెయ్యి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషి, క్రియాటినిన్ 1.9! రేపు డయాలసిస్ అవసరమైతే, దానికోసం ఆర్టరీని సిరకు కలిపే ఫిస్టులా పెట్టేది ఆ చేతికే. అక్కడి ఆర్టరీ ఇప్పుడే తీసేస్తే అప్పుడు ఏం చేస్తారు? పైగా బ్లాకు తక్కువగా ఉండి పాత నాళంలోంచి రక్తం ఎదురొస్తే రేడియల్ ముడుచుకుపోతుంది. కుడివైపు నాళానికి వెయ్యాలంటే బ్లాకు కనీసం 90 శాతం ఉండాలంటారు. మీది 75.

రెండు ఛాతీ నరాలూ తీస్తే రొమ్ము ఎముకకు రక్తం తగ్గుతుంది. ఈ షుగర్‌తో గాయం చీము పట్టిందంటే నరకమే, డ్రెస్సింగులు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా. ఛాతీ నరాలు ఒకటా రెండా అని 3,102 మందితో చేసిన ఏఆర్‌టీ పరిశోధన ఫలితం 2019లో వచ్చింది. పదేళ్ల తర్వాత మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ లెక్కలో ఆరోగ్యశ్రీ పాత్ర నాకైతే కనిపించడం లేదు.

విజయనగరం డ్రైవర్:
నాకు 48లో బైపాస్ అయింది, ఎడమ చేతి నరమే వేశారు. షుగర్ లేదు, కిడ్నీలు బాగానే ఉన్నాయి. బొటనవేలి వెనక కొంచెం మొద్దుబారింది గానీ స్టీరింగ్ పట్టుకోవడానికి ఇబ్బంది లేదు. నరం బిగుసుకోకుండా కొన్నాళ్లు డిల్టియాజెమ్ అనే మందు ఇచ్చారు. సిస్టర్ గారూ, రేడియలే మేలని మా డాక్టర్లు నాకు చెప్పారే?

బొబ్బిలి సిస్టర్:
మీకు మేలే అన్నా. రేడియల్, కాలి నరం పోల్చిన అయిదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. రేడియల్ వేసినవాళ్లకు గుండెపోట్లు, మళ్లీ ఆపరేషన్లు తగ్గాయి. ఆయన చెయ్యి, మీ చెయ్యి ఒకటి కాదు, అంతే.

కవిటి కుర్రోడు:
థాంక్స్ మేడం, బావకు ఇదంతా చదివి వినిపించాను, ఫోన్లు తగ్గాయి. సర్జన్ గారిని ఇంకేం అడగాలి?

బొబ్బిలి సిస్టర్:
కాలి నరాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, సాగదీయకుండా తీసే నో-టచ్ పద్ధతి వాళ్లు చేస్తారా అని అడగండి. అలా తీస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే షుగర్ ఉన్నవాళ్లకు కాలి గాయం మానడానికి టైం పట్టొచ్చు, అదీ అడగండి. తర్వాత ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ వాళ్లు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. నాన్నగారు చుట్ట కాలుస్తారా? నిప్పు నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ అయినా సరే, ఈరోజే ఆపించండి. వార్డులో ఎడమ ముంజేతికి సూది, కాన్యులా పెట్టనివ్వకండి. కిడ్నీ కేసు, చేతి వెనక పెట్టమ్మా అని సిస్టర్‌కు మీరే చెప్పండి, ఏమీ అనుకోరు.