పనసకాయను తట్టి కొనాలా, వాసన చూసి కొనాలా?

కొర్లగుంట ఇల్లాలు:
పోయిన ఆదివారం బైపాస్ పక్కన ఆటోలో అమ్ముతా ఉంటే తొమ్మిది కిలోల పనసకాయ తీసుకున్నా. అమ్మే ఆయన దాన్ని మద్దెల మాదిరి వాయించి "వినమ్మా, డబ్ డబ్ అంటా ఉండాది, రెండ్రోజుల్లో మాగుతుంది" అన్నాడు. ఆరో రోజు కోస్తే తొనలు పాలిపోయి, రబ్బరు నమిలినట్టు ఉన్నాయి. తీపే లేదు. నడుమ దుంప దగ్గరంతా గోధుమరంగు మచ్చలు. "వాసన చూడకుండా ఎవురన్నా పనసకాయ కొంటారా" అని మా అత్త ఒకటే నస. శబ్దం నమ్మాలా, వాసన నమ్మాలా? లేకుంటే కాయ జోలికే పోకుండా కోసిన తొనలు కొనుక్కోవాలా?

చిత్తూరు జేజి మనవడు:
మీ అత్తదే కరెక్టు. పనసపండు ఇంట్లో ఉంటే వీధి మొదట్లో తెలియాల అనేది మా జేజి. వాసన రాని కాయను ఆమె తాకను కూడా తాకదు.

తిండిపోతు తిరుపతి:
ఈ వాయింపుడు, వాసనలు మనకెందుకన్నా? తొనలు కొంటే రంగు కనిపిస్తుంది, ఒకటి నోట్లో వేసుకుని చూడొచ్చు. చేతికి నూనె రాసుకోవాలా, జిగురు వదిలించుకోవాలా, తొక్కలు యాడ పారెయ్యాలా, ఏ గోలా లేదు.

పలమనేరు తోట:
తమ్ముడూ, జేజి మాట తినేవాళ్ళకు సరిపోతుంది. వాసన గుప్పుమంటోందంటే పండు మాగిపోయినట్టే, ఆ రోజో మర్నాడో కోసేయాల. రెండు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుందాం అనుకునేవాళ్ళు చూడాల్సింది కాయ ముదిరిందా లేదా అని. లేతగా కోసిన కాయను ఎన్నాళ్ళు పెట్టినా తీపి రాదు.

ముళ్ళు చూడండి. లేతకాయకు ఒత్తుగా, చేతికి గుచ్చుకునేట్టు ఉంటాయి. ముదిరేకొద్దీ కాయ ఒళ్ళు చేసి ముళ్ళ నడుమ ఎడం పెరుగుతుంది, మొనలు మొద్దుబారతాయి. తొడిమ దగ్గర గోరుతో గీరితే లేతదానికి చిక్కటి పాలు బొటబొటా కారతాయి, ముదిరినదానికి పల్చగా, కొంచెమే వస్తాయి. చెట్టు మీదయితే కాడను అంటుకోనుండే ఆకు పసుపు తిరుగుతుంది. తట్టి చూడటం కూడా అబద్ధమేం కాదు. లేతది టక్కుమంటుంది, ముదిరింది బోలుగా పలుకుతుంది. కానీ బస్సుల హారన్ల నడుమ బైపాస్‌లో నిలబడి ఏం వింటారు? పైగా వాయించేది అమ్మే ఆయన!

సరే అక్కా, ఒక మాట చెప్పు. ఆ ఆరు రోజులూ కాయ యాడ పెట్టినావు?

కొర్లగుంట ఇల్లాలు:
మొదటి రోజు వంటింట్లోనే. చీమలు పడతాయి, ఎండలకు కుళ్ళిపోతుంది అని మా ఆయన ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి మరీ దూర్చినాడు.

పలమనేరు తోట:
దొరికినాడు దొంగ! పనస వేడి దేశాల చెట్టు. 12 డిగ్రీల కంటే చల్లటి చోట పెడితే పచ్చికాయ సరిగా మాగదు, తొక్క నల్లబడుతుంది, లోపల గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉండేది 4, 5 డిగ్రీల్లో. ఆటో ఆయన పాపం నిజమే చెప్పినాడేమో. ఈసారి గోనెసంచి చుట్టి నీడలో పెట్టు, రోజుకొకసారి అటూ ఇటూ దొర్లించు. ముదిరిన కాయ మూడు నుంచి పది రోజుల్లో మాగుతుంది. ముళ్ళ నడుమ బొటనవేలితో నొక్కితే లోపలికి దిగాల. ఫ్రిజ్‌కు పోవాల్సింది ఆ తర్వాత, అదీ తొనలు వలిచినాకనే.

చిత్తూరు జేజి మనవడు:
అయినా మా జేజి ముక్కు మీద నాకు నమ్మకం. కాకపోతే ఒకటి, మరీ వాసన వచ్చేదాకా ఆగినా కష్టమే. 2025 జూలైలో కేరళలో పందళం డిపో బస్సు డ్రైవర్లు పనస తొనలు తిని డ్యూటీకి వస్తే, ఊదించే మిషన్‌లో తాగినట్టు చూపించింది. పండు పులిసి ఆల్కహాలు పుట్టిందంతే, ఒక్కరూ చుక్క ముట్టలేదు.

తిండిపోతు తిరుపతి:
భలే ఉంది, చవగ్గా అయిపోతుందే!

పలమనేరు తోట:
నవ్వుతావు గానీ, నువ్వు కొనే తొనల్లో చూడాల్సిందీ ఆ పులుపు వాసనే. రంగును నమ్మి మోసపోవద్దు. లేత పసుపు, నారింజ అనేది జాతిని బట్టి వస్తుంది, తాజాతనాన్ని బట్టి కాదు. తొన మొనలు చూడు, గోధుమరంగుకు తిరిగినాయా, వేలికి జారుడుగా తగులుతుందా అని. పొద్దున కోసినవాటి మీద సాయంత్రం నీళ్ళు చల్లి మెరిపించే బండి దగ్గరికి పోనే పోవద్దు. ఈగలు సరేసరి. ఇంటికి తెచ్చినాక గింజ తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. డీప్ ఫ్రీజర్‌లో నెల పైనే ఉంటాయి, కానీ కరిగినాక మెత్తబడతాయి. నమిలేదానికి బాగుండవు, పాయసానికి సరిపోతాయి.

కొర్లగుంట ఇల్లాలు:
మచ్చలు లేని తొనలు తరిగి, తిరగమోత పెట్టి కూర చేసేసినా. గింజలు మాత్రం బాగున్నాయి, రెండ్రోజులు ఎండబెట్టి పప్పుచారులో వేస్తా. ఫ్రిజ్ సంగతి మా అత్తకు ఇంకా చెప్పలా. ఆమె వాసన మీదే ఉండాది.