సమస్యాపూరణం: బొమ్మ యేడ్చినఁ దాతయ్య భోరుమనియె

మోడరేటర్: పిల్లలతో యానిమేషన్ సినిమా చూసి హాల్లోంచి బయటికొస్తుంటే ఈ పాదం దానంతటదే నోటికొచ్చింది, ఇంటికి చేరేదాకా కూడా ఆగలేక పెట్టేస్తున్నాను. బొమ్మకి కన్నీళ్ళెక్కడివి, దానికి తాతయ్య ఏడవడమేమిటి? ముందు మూడు పాదాలు రాసి విప్పండి.

బొమ్మ యేడ్చినఁ దాతయ్య భోరుమనియె

నందివర్ధనం:
మనుమరాలిని నొడిలోన నునిచి చూడ
చీకటింటను వెలుగుల చిత్రమాడ
తప్పిపోయిన తల్లికై తల్లడిల్లి
బొమ్మ యేడ్చినఁ దాతయ్య భోరుమనియె

ఇది కల్పన కాదండీ. పాప త్రీడీ కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, తెర వదిలేసి నా మొహమే చూస్తూ కూర్చుంది. తర్వాత గౌను అంచుతో నా గడ్డం తుడిచింది.

గురువులఘువు: చూడన్ మీద చీకటి వస్తే సరళాదేశం ("న్" తర్వాత చ, త లాంటివి జ, ద అవడం) ఏదండీ? "చూడఁ / జీకటింటను" అనాలి. జీకి చికి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొంతన) ఎలాగూ చెల్లుతుంది, పాదానికి నష్టం లేదు. మూడో పాదం మాత్రం చాలా బాగుంది. "తప్పిపోయిన తల్లి" అన్నారు, పిల్ల అనలేదు. పిల్ల లెక్కలో తప్పిపోయేది తల్లే కదా.

పాతచెట్టు: గురువులఘువు గారూ, ఒకటి పట్టుకుని పక్కదే వదిలేశారు. "ఆడఁ / దప్పిపోయిన" కూడా అంతే. పోయిన నెల గొడుగు సమస్యలో మీ రెండో పాదంలో ఇంద్రగణం చోట సూర్యగణం పడి నడక తప్పిందని నేను చూపిస్తే "భావం చూడండి" అన్నారు. ఆ దయ ఈయన మీద కూడా ఉంచండి. నా తాతయ్య హాల్లో లేడు, డబ్బింగ్ గదిలో ఉన్నాడు:

పెదవి కదలిక కనువుగా నెదుట నిలిచి
మైకు ముందర గొంతుకన్ మలచువేళ
తెరకు జీవము నొసఁగెడి తీరుఁ గనుము
బొమ్మ యేడ్చినఁ దాతయ్య భోరుమనియె

గురువులఘువు: గొడుగు పద్యం ఆ రాత్రే సరిచేశాను. మీ ఊహ కొత్తది, ఒప్పుకుంటాను, కానీ యానిమేషన్‌లో మామూలుగా ముందు గొంతు రికార్డు చేసి, దానికి తగ్గట్టు పెదవులు కదిలిస్తారు. ముందు తాతయ్య ఏడవాలి, తర్వాత బొమ్మ. వరస తిరగబడింది.

పాతచెట్టు: అది మూలభాష సంగతి. తెలుగులోకి డబ్ చేసేటప్పటికి బొమ్మ ఏడ్చేసే ఉంటుంది, దాని పెదవి వెంట మన గొంతు పోవాలి. సమస్యలో "ఏడ్చినన్" అని ఉంది కాబట్టే డబ్బింగ్ దాకా వెళ్ళాను.

చిరుగాలి:
క్షణమునకు నిరువదినాల్గు ఛాయలందు
గీసి కన్నీరు నింపిన కేలు నెంచి
తాను చిత్రకారుండౌటఁ దలఁచి తలఁచి
బొమ్మ యేడ్చినఁ దాతయ్య భోరుమనియె

గురువులఘువు: క్షకి ఛాకి యతా? పైగా సెకనుకి 24 ఫ్రేములు సరే గానీ, చేత్తో గీసేవాళ్ళు చాలాచోట్ల ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడతారు. అప్పుడు గీసేవి 12.

చిరుగాలి: క్షలో ష ఉంది మాష్టారూ, ఛతో చెల్లుతుంది. లెక్క కూడా చూసుకునే రాశాను. గీసినవి 12 అయినా తెర మీద పడే ఛాయలు 24.

నందివర్ధనం: "కేలు నెంచి" దగ్గర నాకు గొంతు పట్టేసింది. మేమంతా బొమ్మని చూశాం, మీరు దాన్ని గీసిన చేతిని చూశారు.

మోడరేటర్: పితామహుడంటే బ్రహ్మ, బొమ్మల్ని చేసేవాడే. ఆ దారిన ఎవరూ పోలేదేం? ఇంకా రెండు రోజులు తెరిచే ఉంచుతాను.

గురువులఘువు: పాతచెట్టు గారూ, పొద్దుట్నుంచీ మీ మొదటి పాదమే తిరుగుతోంది. "ఎదుట నిలిచి" అన్నాక మళ్ళీ "మైకు ముందర" ఎందుకు? "నెదనుఁ దడిపి" అనండి. ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలవడం) చెడదు, ఏడుపు మైకు కంటే ముందే మొదలవుతుంది.

పాతచెట్టు: మార్చేశాను. "పెదవి కదలిక కనువుగా నెదనుఁ దడిపి". నాకు తట్టాల్సింది మీకు తట్టింది. ఆ గొడుగు పద్యం ఇక్కడ ఒకసారి పెట్టండి, సరిచేశాక నేను చూడలేదు.