సెంటిమెంట్‌కు తెలుగు మాట ఏది?

డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు 'సెంటిమెంట్' అన్న మాటకు సరైన తెలుగు ఏమిటని అడిగాడు. మనోభావం అని ఒకరు, భావోద్వేగం అని మరొకరు జవాబిచ్చారు. ఆ రెండు మాటలతో నాకు పేచీ లేదు గానీ, మన నల్లగొండలో జనం సెంటిమెంట్ అనే చాలా సందర్భాల్లో అవి రెండూ పనికిరావు. "మాకు మంగళవారం సెంటిమెంట్" అన్న వాక్యంలో మనోభావం అని పెట్టి చదివితే సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ముందుగా ఇంగ్లీషు సంగతి. లాటిన్‌లో 'సెంటీరే' అనే క్రియకు గ్రహించడం, అనుభూతి పొందడం అని అర్థం. దాని నుంచి పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరిన సెంటిమెంట్‌కు మనసులో కలిగే భావమనే అర్థంతో పాటు, ఆ భావం వెంట ఏర్పడే అభిప్రాయమనే అర్థం కూడా ఉంది. 1759లో ఆడమ్ స్మిత్ నీతి గురించి ప్రకటించిన గ్రంథం పేరులోనే ఈ మాట కనిపిస్తుంది. అక్కడ దానికి కన్నీళ్లతో సంబంధం లేదు, ఎదుటివారి నడతను చూసి ఇది మంచి, ఇది చెడు అని తేల్చుకునే మనసు స్పందన అని అర్థం. ఆ 18వ శతాబ్దంలో ఒకరిని సెంటిమెంటల్ అంటే సున్నితమైన మనసు గలవారని మెచ్చుకోవడం. తరువాత అదే మాట, అవసరానికి మించి కరిగిపోయేవారని తక్కువ చేసే మాటగా మారింది.

ఈ పాత అర్థాలకు తెలుగులో తోబుట్టువు లాంటి మాట 'భావం'. పద్యానికి భావం రాయమంటే తాత్పర్యం రాస్తాము, "నేనిట్లా భావిస్తున్నాను" అంటే అభిప్రాయం చెబుతున్నాము, భక్తిభావం అంటే మనసులోని అనుభూతి. ఆలోచననూ అనుభూతినీ ఒకే మాటలో పెట్టుకున్న రెండు దూరదేశపు భాషలను చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలుగుతుంది.

అయితే మంగళవారం సెంటిమెంట్ ఇంగ్లీషు వారిది కాదు, మనం కల్పించుకున్నది. పరీక్షకు అదే పెన్ను పట్టుకుపోవడం, బండికి ఫలానా అంకె రావాలని పట్టుబట్టడం, బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చోవడం, వీటన్నిటినీ మనం సెంటిమెంట్ అంటాము. ఈ మాట లేనప్పుడు మనవాళ్లు ఏమనేవారు? మా నానమ్మ ఈ ఇంగ్లీషు మాట ఒక్కసారైనా పలకలేదు. "మంగళారం నాడు పైస ఇంట్లకెళ్లి బయటికి పోవద్దు బిడ్డా, మనకు అచ్చిరాదు" అనేది. కొట్టంలోని బర్రె గురించి "ఇది మనకు అచ్చొచ్చిన బర్రె, అమ్మొద్దు" అనేది. అచ్చిరావడం, అచ్చిరాకపోవడం: ఇంత చక్కని క్రియ ఇంట్లో ఉండగా, ఇల్లు మారినప్పుడు "ఆ ఇల్లు మాకు సెంటిమెంట్‌గా కలిసిరాలేదు" అని ఎందుకు చెప్పుకుంటున్నామో ఆలోచించాలి. ఇటువంటి నమ్మకాలు ఎక్కువగా పాటించే ఇంటిని గురించి "వాళ్లకు పట్టింపులెక్కువ" అంటారు. పట్టింపు నామవాచకం, అచ్చిరావడం క్రియ. ఈ రెండూ కలిసి మంగళవారం సెంటిమెంట్ మొత్తాన్ని మోయగలవు.

తల్లి కడియాన్ని కరిగించకుండా దాచుకోవడం వేరే సంగతి. అందులో శకునం లేదు, లాభనష్టాల లెక్క లేదు. దానిని "అమ్మ యాదికి పెట్టుకున్న" అంటారు మన దిక్కు. ఉర్దూ నుంచి వచ్చి పల్లె నోట స్థిరపడిన 'యాది' అక్కడ సెంటిమెంట్ కంటే దగ్గరి మాట. సినిమాల్లోని చెల్లెలి సెంటిమెంట్‌కు మమకారం సరిపోతుంది. తెలంగాణలో పావురం అని కూడా అంటారు. పత్తి ధరల వార్తల్లో వచ్చే మార్కెట్ సెంటిమెంట్‌ను కొనేవారి మొగ్గు అంటే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది 'తెలంగాణ సెంటిమెంట్' అన్న ప్రయోగం. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోని హామీలు అమలు కాలేదని, ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలను పక్కనపెట్టి ఉద్యోగాలు ఇచ్చారని 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన ఈ జిల్లాలోనే, మర్రిగూడ వైపు ఊళ్లలో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మనుషుల ఎముకలు వంకర్లు పోయాయి. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. ఉద్యోగాలు లెక్కపెట్టగలిగేవి, నీళ్లు కొలవగలిగేవి. వాటికోసం అడిగిన మాటను సెంటిమెంట్ అన్నప్పుడు, తెలుగు చెవికి అది మంగళవారం పట్టింపు పక్కనే కూర్చున్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషు పత్రికలో రాసినవారు ప్రజాభిప్రాయం అనే అర్థంలోనే రాసి ఉండవచ్చు. తెలుగులోకి వచ్చేసరికి ఆ అర్థం జారిపోయి, ఊరికే కలిగిన ఉద్రేకం అన్న అర్థం మిగిలింది. ఉద్యమంలో ఉన్నవారు కూడా ఆ మాటను వాడారని నాకు తెలుసు, అయినా నా అభిప్రాయం మారదు. అక్కడ రాయవలసిన మాట 'ఆకాంక్ష'. వాక్యార్థం పూర్తి కావడానికి ఒక పదానికి మరొక పదం కావలసి ఉండడాన్ని మన శాస్త్రాల్లో ఆకాంక్ష అంటారు; కోరిక అన్న మాట కంటే దానికి బరువు ఎక్కువ.

కాబట్టి తమ్ముడూ, నీవు అనువదిస్తున్న వాక్యం మొత్తం ఇక్కడ పెట్టు, అప్పుడు మాట చూద్దాము. పాలమూరు వైపు పెద్దలు అచ్చిరావడానికి బదులు వాడే మాట మరేదైనా ఉంటే, దయచేసి వారు పలికే వాక్యంతో సహా చెప్పండి.