4 జీబీ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ర్యామ్ మొత్తం తినేస్తోంది, తగ్గించేదెలా?

ప్రశ్న
విండోస్ 10, ర్యామ్ 4 జీబీ, పాత హార్డ్ డిస్క్. క్రోమ్‌లో పదిహేను ట్యాబులు దాటితే మెమరీ 95 శాతం, డిస్క్ 100 శాతం చూపిస్తోంది. మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. వాట్సాప్ వెబ్, జీమెయిల్, రెండు ఈ-పేపర్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. కేష్ తుడిచినా తేడా లేదు. ఫైర్‌ఫాక్స్‌కి మారితే తగ్గుతుందా?

జవాబు
కేష్ తుడిస్తే ఖాళీ అయ్యేది డిస్క్, ర్యామ్ కాదండీ. పైగా ప్రతి సైటూ బొమ్మల్ని మళ్లీ నెట్ నుంచి తెచ్చుకోవాలి. ముందు తినేది ఏదో పట్టుకోండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో అన్నీ క్రోమ్ పేరుతోనే ఉంటాయి, ఏది ఏ సైటో తెలియదు. క్రోమ్‌కి సొంత టాస్క్ మేనేజర్ ఉంది: క్రోమ్ విండోలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ‘మెమరీ ఫుట్‌ప్రింట్’ మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకొస్తాయి.

అక్కడే హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి ‘జావాస్క్రిప్ట్ మెమరీ’కి టిక్ పెట్టండి. పేజీని ముట్టుకోకుండా కాసేపు చూడండి. ‘లైవ్’ అంకె పెరిగి మళ్లీ పడిపోతుంటే మామూలే. పడకుండా ఎక్కుతూనే ఉంటే ఆ పేజీ కోడ్‌లో లీక్ ఉన్నట్టు, అంటే వాడేసిన మెమరీని తిరిగి వదలడం లేదన్నమాట. రీలోడ్ చేస్తే అప్పటికి సర్దుకుంటుంది.

ఎక్స్‌టెన్షన్లను మాత్రం వేరేగా పరీక్షించాలి. కూపన్లు వెతికేవి, గ్రామర్ దిద్దేవి ప్రతి పేజీలోకీ తమ కోడ్ చొప్పిస్తాయి కాబట్టి వాటి బరువు చాలావరకు ట్యాబుల లెక్కలో కలిసిపోతుంది. అవే సైట్లను ఇన్‌కాగ్నిటోలో తెరవండి, అక్కడ మీరు అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అంకెలు బాగా తగ్గితే దొంగ దొరికినట్టే.

ఇంకో జవాబు
ఆ ఈ-పేపర్ల మీద కన్నేయండి. పేజీ బొమ్మ ఫైలు 2 ఎంబీయే కావచ్చు. కానీ అది 3000 × 5000 పిక్సెళ్లదైతే, తెర మీద చూపడానికి విప్పినప్పుడు పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 60 ఎంబీ అవుతుంది. నాలుగైదు పేజీలు తిప్పేసరికి ఎంతవుతుందో చూడండి. చదవడం అయిపోగానే ఆ ట్యాబు మూసేయండి.

అడిగినవారు
చూశానండీ. ఈ-పేపర్లు ఒక్కోటి 450 ఎంబీ, వాట్సాప్ 380, కూపన్ ఎక్స్‌టెన్షన్ 120. మెమరీ సేవర్ పెడితే వాట్సాప్ మెసేజ్‌లు ఆగిపోతాయా?

జవాబు
కూపన్ ఎక్స్‌టెన్షన్ తీసేయండి. సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేసి, 4 జీబీకి ‘మ్యాగ్జిమమ్’ ఎంచుకోండి. వాడని ట్యాబును క్రోమ్ ర్యామ్ నుంచి దించేస్తుంది. పైన పేరు మాత్రం ఉంటుంది, నొక్కితే మళ్లీ లోడ్ అవుతుంది. పాట మోగుతున్నవి, పిన్ చేసినవి, సగం నింపిన ఫారమ్‌లు ఉన్నవి దించదు. వాట్సాప్‌ను అక్కడే ‘ఆల్వేస్ కీప్ దీజ్ సైట్స్ యాక్టివ్’లో చేర్చితే మెసేజ్‌లకు ఇబ్బంది ఉండదు. సెట్టింగ్స్, సిస్టమ్‌లో క్రోమ్ మూశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడిచే ఆప్షన్ ఉంటుంది, అదీ ఆపేయండి.

ఫైర్‌ఫాక్స్‌కి మారితే పెద్ద తేడా ఆశించకండి. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక రెండు బ్రౌజర్లూ ఒక సైటు డేటా ఇంకో సైటుకి చిక్కకుండా వేర్వేరు ప్రాసెస్‌లలో పెడుతున్నాయి. ర్యామ్ ఖర్చు కొంత దానిదే. ఇలా సైట్లను విడదీసే ‘సైట్ ఐసొలేషన్’ ఆపేయమనే చిట్కాలు కనిపిస్తాయి, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఆ జోలికి పోవద్దు.

ఇంకో జవాబు
డిస్క్ 100 శాతం గురించి ఎవరూ చెప్పలేదు. అసలు నత్తనడక అక్కడిదే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత డేటాను డిస్క్ మీది పేజ్‌ఫైల్‌కి తోస్తుంది, కావలసినప్పుడు వెనక్కి తెస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్‌కి ఆ వేగం చాలదు. అలాగని పేజ్‌ఫైల్ తీసేస్తే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అంటూ ట్యాబులు కూలిపోతాయి. ర్యామ్ క్లీనర్ యాప్‌లూ వద్దు: అవి డేటాను డిస్క్‌కి తోసి అంకె తగ్గించి చూపిస్తాయి, మీరు ట్యాబు నొక్కగానే అంతా మళ్లీ డిస్క్ నుంచి రావాలి.

ట్యాబులు తగ్గించినా చాలకపోతే ర్యామ్ పెంచడమే దారి. విండోస్ టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీలో ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని ఉంటే ఇంకో 4 జీబీ వేయించుకోవచ్చు. కొనేముందు లోపలున్న ర్యామ్ రకం డీడీఆర్3ఎల్‌నా, డీడీఆర్4నా చూసుకోండి, ఒకటి ఇంకోదాని స్లాట్‌లో పట్టదు.